ఆఖరి ప్రతి ఎవరి దగ్గరుంది? గ్రంథాలయాల ఉమ్మడి భద్రత, మన అచ్చు చరిత్ర

హైదరాబాదు సంస్థానంలో సాగిన ఆదిహిందూ ఉద్యమం గురించి పి.ఆర్. వెంకటస్వామి ఇంగ్లీషులో రాసిన 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' 1955లో సికింద్రాబాదులో రెండు భాగాలుగా అచ్చయింది. ఉద్యమం లోపల నిలబడిన మనిషి రాసిన పుస్తకం అది. భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావుల కాలం గురించి ఎవరు పని చేసినా ముందు దాని దగ్గరికే పోవాలి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని మళ్లీ అచ్చు వేసింది 2020లో. మధ్యన అరవై అయిదేళ్లు గడిచాయి. ఆ మధ్యకాలంలో నాబోటివాళ్లు చదివింది జిరాక్సుకి తీసిన జిరాక్సు. అంచుల్లో అక్షరాలు తెగిపోయి ఉండేవి. తెగిన మాట ఏమిటో తెలుసుకోవాలంటే అసలు ప్రతి చూడాలి. అసలు ప్రతి ఎవరి దగ్గరుందో చెప్పగలిగినవాళ్లు చాలా తక్కువ.

ఈ వ్యాసం ఆ పుస్తకం గురించి కాదు. ఒక పుస్తకం ఎన్ని ప్రతులు మిగిలి ఉన్నాయి, ఎక్కడున్నాయి, ఎవరు వాటిని పారేయకుండా ఉంటామని మాట ఇచ్చారు అనే ప్రశ్నల గురించి. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి ప్రపంచంలో పెద్ద గ్రంథాలయాలు డెబ్భై అయిదేళ్లకు పైగా కొన్ని పద్ధతులు కల్పించుకున్నాయి. ఆ పద్ధతులేమిటో, అవి ఎలా పనిచేస్తాయో, వాటిలో మన అచ్చు కాగితాలకి చోటు ఎంతవరకు ఉందో, మిగతాది మనం ఎలా చేసుకోవచ్చో చెప్పడం నా ఉద్దేశం. గ్రంథాలయం అంటే మనకి పుస్తకం అరువిచ్చే చోటుగానే తెలుసు. అది ఏది బతకాలో ఏది చావాలో నిర్ణయించే చోటు కూడా. కాబట్టి దాని లోపలి పని మనకి తెలియాలి.

కలిసి కొనడం, కలిసి దాచడం

ఏ ఒక్క గ్రంథాలయమూ లోకంలో అచ్చయినదంతా కొనలేదు. కొన్నా పెట్టుకునే చోటుండదు. చోటున్నా చూసుకునే మనుషులుండరు. ఈ మూడు ఇబ్బందుల నుంచే ఉమ్మడి పని పుట్టింది. దాన్ని మూడు భాగాలుగా అర్థం చేసుకోవచ్చు. ఏది ఎవరు కొనాలి అని పంచుకోవడం ఒకటి. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర నుంచి తెప్పించి చదువరికివ్వడం రెండు. ఎవరు ఏది శాశ్వతంగా దాచాలి అని ఒప్పందం చేసుకోవడం మూడు.

మొదటిదానికి పాత ఉదాహరణ అమెరికాలోని ఫార్మింగ్టన్ ప్రణాళిక. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్ నుంచి పుస్తకాలు రావడం ఆగిపోయింది. తమకి అవసరమైన విదేశీ పుస్తకాలు దేశంలో ఎక్కడా లేవని అప్పుడు గుర్తించారు. 1948 నుంచి పరిశోధక గ్రంథాలయాలు విషయాలనూ దేశాలనూ పంచుకున్నాయి. పరిశోధనకి పనికొచ్చే ప్రతి విదేశీ పుస్తకం కనీసం ఒక ప్రతయినా దేశంలో ఏదో ఒక గ్రంథాలయంలో ఉండాలన్నది నియమం. 1972లో ఆ ప్రణాళిక ఆగిపోయినా ఆ ఆలోచన పోలేదు.

మూడోదానికి ఉదాహరణ చికాగోలో ఉంది. 1949లో అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతపు విశ్వవిద్యాలయాలు కొన్ని కలిసి ఒక ఉమ్మడి కేంద్రం పెట్టుకున్నాయి. తర్వాతి కాలంలో దానికి సెంటర్ ఫర్ రీసెర్చ్ లైబ్రరీస్ అని పేరొచ్చింది. చదువరులు అరుదుగా అడిగే పాత పత్రికలు, విదేశీ పరిశోధనా గ్రంథాలు, పాఠ్యపుస్తకాల వంటివి ప్రతి విశ్వవిద్యాలయమూ విడిగా పెట్టుకోనక్కర్లేదు. అందరి తరఫునా ఒక ప్రతి అక్కడుంటుంది. సభ్య విశ్వవిద్యాలయాల్లో ఎవరడిగినా పంపుతారు.

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోవాలి. అరుదుగా అడిగేది అంటే విలువ లేనిది అని కాదు. పదేళ్లకొకసారి ఒక్కరే అడగొచ్చు. ఆ ఒక్కరూ చరిత్ర తిరగరాసే మనిషి కావొచ్చు. మన ఊళ్లలో చాలా గ్రంథాలయాల్లో జరిగేది దీనికి తలకిందులు. ఎవరూ అడగట్లేదు గనక తీసెయ్యి అంటారు. ఎవరు అడగాలి? అడిగేవాళ్లు ఆ గుమ్మం ఎక్కి ఎన్నేళ్లయింది?

గోధుమల డబ్బుతో తెలుగు పుస్తకాలు

తెలుగు పుస్తకాలు ఈ ఏర్పాటులోకి ఎలా వెళ్లాయో చెప్పుకోవాలి. 1954లో అమెరికా ఒక చట్టం చేసింది. పి.ఎల్. 480 అని మన పెద్దవాళ్లందరికీ ఆ పేరు తెలుసు. మన రేషను షాపుల్లో ఇచ్చిన గోధుమలు ఆ చట్టం కింద వచ్చినవే. మన ప్రభుత్వం వాటికి డాలర్లు కాకుండా రూపాయలు చెల్లించింది. ఆ రూపాయలు అమెరికా తన దేశానికి తీసుకుపోయి వాడుకోలేదు, ఇక్కడే ఖర్చుపెట్టాలి. 1958లో చట్టాన్ని సవరించి, ఆ రూపాయలతో పుస్తకాలు కొనే అధికారం అక్కడి కాంగ్రెస్ లైబ్రరీకి ఇచ్చారు. 1962లో ఆ పని మొదలైంది. కొత్త ఢిల్లీలో కార్యాలయం పెట్టి, హిందీ, తమిళం, తెలుగు, ఉర్దూ, ఇంకా ఎన్నో భాషల్లో అచ్చయిన పుస్తకాలు పలు ప్రతులు కొని, అమెరికాలో డజనుకు పైగా విశ్వవిద్యాలయాలకి ఓడల్లో పంపారు. 1980ల్లో ఆ రూపాయలు అయిపోయాయి. అప్పుడు అక్కడి గ్రంథాలయాలు తమ డబ్బులు కలిపి అదే ఢిల్లీ కార్యాలయం ద్వారా సహకార పద్ధతిలో కొనడం సాగించాయి.

అందువల్ల ఏం జరిగింది? 1960ల తర్వాత అచ్చయిన తెలుగు పుస్తకం మన జిల్లా గ్రంథాలయంలో దొరక్కపోయినా చికాగోలోనో మేడిసన్‌లోనో దొరకొచ్చు. మన అమ్మమ్మలు వరుసలో నిలబడి తెచ్చుకున్న గోధుమలకి చెల్లించిన డబ్బే అది. దీన్ని కుట్ర అనుకోనక్కర్లేదు, దానం అనుకోనక్కర్లేదు. లెక్క తెలిసి ఉండాలి, అంతే.

ఆ కొనుగోళ్లకీ ఒక హద్దుంది. ఏజెంటు కంటపడాలంటే పుస్తకం దుకాణానికి రావాలి, లేకపోతే ప్రచురణకర్తల జాబితాలో ఉండాలి. ఢిల్లీ కార్యాలయం చిన్నచిన్న పుస్తకాలనూ కరపత్రాలనూ కూడా సేకరించి, విషయాలవారీగా కట్టి, మైక్రోఫిష్ రేకుల మీదికి ఎక్కించిన మాట నిజమే. అయినా తాలూకా కేంద్రంలో అచ్చయి, సభలో పంచి, సాయంత్రానికి అయిపోయిన కాగితం అక్కడికి చేరే దారి ఇరుకైనది.

1967లో చికాగో కేంద్రంలోనే దక్షిణాసియాకి సంబంధించిన మైక్రోఫిల్మ్ పథకం ఒకటి మొదలైంది. దీని పద్ధతి మనం నేర్చుకోదగ్గది. సభ్య గ్రంథాలయాలు ఏటా చందా కడతాయి. ఆ డబ్బుతో ఏ పత్రిక, ఏ పుస్తకాలు ఫిల్ము చెయ్యాలో అందరూ కూర్చుని నిర్ణయిస్తారు. మూల నెగటివ్ ఒకటి తీస్తారు. దాన్ని చదవడానికి వాడరు, చల్లని పొడి గదిలో దాస్తారు. చదవడానికి దాని నుంచి నకళ్లు తీస్తారు. నకలు గీతలు పడితే మళ్లీ మూలం నుంచి ఇంకొకటి తీస్తారు. చదివే ప్రతి వేరు, దాచే ప్రతి వేరు. ఈ తేడా తెలియకే మన దగ్గర ఎన్నో పత్రికలు నాశనమయ్యాయి. ఉన్న ఒక్క ప్రతినే అందరం తిప్పాం, అందరం జిరాక్సు అద్దం మీద బోర్లించి వెన్ను విరిచాం.

కాగితం ఊరు దాటకుండా

వలస ప్రభుత్వ కాలంలో అచ్చయిన పుస్తకాల కథ ఇంకొకటి. 1867 పత్రికలు, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం ప్రతి ముద్రాపకుడూ తాను వేసిన పుస్తకం ప్రతుల్ని ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకొకసారి ఆ పుస్తకాల పట్టిక వేసేది. అచ్చేసినవాళ్లు మీద కన్ను వేసి ఉంచడానికి పెట్టిన చట్టమే అయినా, ఇవాళ ఆ పట్టికలు పరిశోధకులకి పనికొస్తున్నాయి. పుస్తకం పోయినా దాని పేరు, ప్రెస్సు పేరు, పేజీలు, ఎన్ని ప్రతులు వేశారన్నది అందులో దొరుకుతుంది. ఆ పుస్తకాల్లో కొన్ని లండనుకి పోయాయి. వాటిని చూడాలంటే లండను పోవాలి. పల్లె నుంచి విశ్వవిద్యాలయం దాకా వచ్చిన పిల్లలకి లండను ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతి మారిన చోటు ఒకటుంది. తమిళనాట చెట్టినాడు ప్రాంతంలో కోట్టయ్యూరు అనే ఊళ్లో రోజా ముత్తయ్య అనే ఆయన సైన్‌బోర్డులు రాసే కళాకారుడు. పాత పుస్తకాల దుకాణాల్లో తిరిగి తమిళ పుస్తకాలు, పత్రికలు, నాటక కరపత్రాలు, పెళ్లి శుభలేఖలతో సహా సేకరించాడు. ఆయన 1992లో పోయారు. 1994లో చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణని, దాదాపు లక్ష వస్తువుల్ని, కొన్నది. కానీ పడవెక్కించి తీసుకుపోలేదు. చెన్నైలోనే గ్రంథాలయం పెట్టి, అక్కడి మనుషులకే తర్ఫీదిచ్చి, అక్కడే మైక్రోఫిల్ము చేయించారు. అసలు కాగితం ఇక్కడ, ఫిల్ము నకలు అక్కడ. అసలు ఎక్కడుండాలి, నకలు ఎక్కడుండాలి అన్న విషయంలో ఇది పెద్ద మార్పు. ఇంకొకటి కూడా గమనించాలి. ఆ సేకరణ చేసింది ఆచార్యుడు కాదు, అక్షరాలు రాసి బతికిన పనివాడు. పెళ్లి శుభలేఖ దాచాలని విశ్వవిద్యాలయాలకి తోచలేదు, ఆయనకి తోచింది.

హైదరాబాదులోనూ ఇలాంటి పని జరిగింది. అబ్దుస్ సమద్ ఖాన్ సేకరించిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు అమెరికా గ్రంథాలయాల ఉమ్మడి సాయంతో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. ఉర్దూ సేకరణ తెలుగు నగరంలోనే నిలిచింది. అయితే 2000 ఆగస్టులో నగరాన్ని ముంచిన వరదలో ఆ కేంద్రం గ్రంథాలయంలోకి కూడా నీళ్లొచ్చాయి, పుస్తకాలు తడిసిపోయాయి. ఎంత మంచి చోటయినా ఒకే చోటు. ఎంత బాగా చూసుకున్నా ఒక రాత్రి వాన చాలు. రెండో ప్రతి వేరే ఊళ్లో ఉండాలన్న పాఠం అక్కడ నీళ్లలో నేర్చుకున్నాం.

ఎన్ని ప్రతులుంటే భద్రం?

2000 తర్వాత ప్రశ్న మారింది. పత్రికల సంచికలు కంప్యూటర్ల మీద దొరకడం మొదలయ్యాక, అల్మారాల్లో ఉన్న కట్టల్ని ఇంకా ఎందుకు మోయాలి అని పెద్ద గ్రంథాలయాలు అడిగాయి. ప్రతివాళ్లూ తమ ప్రతి తీసేస్తే, పక్కవాళ్ల దగ్గరుందిలే అనుకుని ఆఖరి ప్రతి కూడా పోతుంది. దీన్ని ఆపడానికి 'ఉమ్మడి ముద్రిత సేకరణ' పద్ధతి పుట్టింది.

బ్రిటన్‌లో 2007లో మొదలుపెట్టిన రీసెర్చ్ రిజర్వ్ ఏర్పాటు నియమం సులువుగా అర్థమవుతుంది. ఒక గ్రంథాలయం ఫలానా పత్రిక పాత సంపుటాలు తీసేద్దామనుకుంటే ముందు చెప్పాలి. ఆ పత్రిక మూడు ప్రతులు, ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో, రెండు సభ్య గ్రంథాలయాల్లో, ఉన్నాయా అని చూస్తారు. ఉంటే తీసెయ్యొచ్చు. లేకపోతే, నీ ప్రతి నువ్వే దాచు అంటారు. అంటే తీసేసే హక్కు దాచే బాధ్యతకి కట్టుబడి ఉంటుంది.

అమెరికాలో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో 2002లో తెరిచిన ఉమ్మడి గోదాములో కొలంబియా, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలూ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తమ పుస్తకాలు పెట్టుకున్నాయి. 2019లో హార్వర్డ్ చేరింది. పడమటి రాష్ట్రాల గ్రంథాలయాలు ఒక జట్టు, తూర్పు రాష్ట్రాలవి ఇంకొక జట్టు కట్టాయి. తూర్పు జట్టులో చేరిన గ్రంథాలయం తాను ఒప్పుకున్న పుస్తకాన్ని పదిహేనేళ్లు పారేయనని మాట ఇస్తుంది. 2008లో మొదలైన హాతీ ట్రస్ట్ అనే డిజిటల్ భాండాగారం 2017 నుంచి తన దగ్గర స్కాను రూపంలో ఉన్న పుస్తకాలకి కాగితపు ప్రతి ఎవరు దాస్తారని అడిగి, పాతికేళ్ల మాట తీసుకుంది.

పని ఎలా జరుగుతుందంటే, ముందు అందరి కేటలాగులు పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఏ పుస్తకం ఎందరి దగ్గరుందో తేలుతుంది. తర్వాత దాచే బాధ్యత పంచుకుంటారు. బాధ్యత తీసుకున్నవాళ్లు అల్మారా దగ్గరికి పోయి పుస్తకం నిజంగా ఉందా అని చూడాలి. కేటలాగులో ఉండి అల్మారాలో లేనివి ఎప్పుడూ కొన్ని తేలతాయి. కొన్ని చోట్ల పేజీ పేజీ తిప్పి, చిరిగినవి, తప్పిపోయినవి రాసుకుంటారు. చివరికి ఆ మాటని కేటలాగులోనే రాస్తారు. కంప్యూటరు కేటలాగులో 583 అనే నెంబరు గడి దీనికోసం వాడతారు. ఈ ప్రతిని ఫలానా ఒప్పందం ప్రకారం ఫలానా ఏడాది దాకా దాస్తాం అని అందులో ఉంటుంది. రేపు ఉద్యోగులు మారినా, కొత్త అధికారికి ఏమీ తెలియకపోయినా, ఆ గడి చెప్తుంది.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. రెండు ప్రతులు ఒకటేనని అది అనుకుంటుంది. మన కాగితాల విషయంలో అలా అనుకోలేం. ఉద్యమ పుస్తకం అట్ట లోపల అచ్చుకి చందాలిచ్చినవాళ్ల పేర్లుంటాయి. వెనక అట్ట మీద ప్రెస్సు పేరు, సభ తేదీ, అంబేద్కర్ సంఘం చిరునామా ఉంటాయి. చదివిన కార్యకర్త అంచుల్లో రాసిన మాటలుంటాయి. బైండింగు చేసేవాళ్లు అట్టలూ ప్రకటనలూ చించేస్తారు. ఆ చించేసినదాంట్లోనే మనకి కావల్సిన చరిత్ర ఉండొచ్చు.

కంప్యూటర్లో ఉంది కదా?

విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఫోటో తీసి పెట్టాం కదా, కాగితం ఎందుకు అని. డిజిటల్ ప్రతి చదువుకోవడానికి గొప్ప సాయం. అది లేకపోతే నా పనిలో సగం జరిగేది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలు కంప్యూటర్ మీదికి ఎక్కించాక, మద్రాసు పోలేని విద్యార్థులు కూడా వాటిని చూడగలిగారు. కానీ దాచడానికి అది ఒక్కటే చాలదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ఎన్నో తెలుగు పుస్తకాలు స్కాను చేశారు. కొన్నింటిలో పేజీలు తప్పాయి, కొన్నింటిలో అంచులు తెగాయి, పేర్లు తప్పుగా ఎక్కాయి. కొన్నేళ్లకి అసలు ఆ ద్వారమే మూతపడింది. కొందరు ముందుచూపుతో ఆ నకళ్లు వేరేచోట పెట్టారు గనక చాలా పుస్తకాలు దక్కాయి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్ల మీద దాడి జరిగింది. నెలల తరబడి కేటలాగు కూడా సరిగ్గా పనిచేయలేదు. అంత పెద్ద సంస్థకే అలా జరిగింది. అయినా అల్మారాల్లో పుస్తకాలు అలాగే ఉన్నాయి. స్కానులో ఒక పేజీ తప్పితే కాగితం దగ్గరికి పోయి మళ్లీ తీయొచ్చు. కాగితం పోయాక తప్పిన పేజీని ఎక్కడినించి తెస్తాం?

అల్మారాకే చేరనిది

ఇప్పటిదాకా చెప్పిన పద్ధతులన్నీ ఒకచోట మొదలవుతాయి. పుస్తకం ముందు ఏదో ఒక గ్రంథాలయంలో ఉండాలి, కేటలాగులో ఎక్కాలి. కేటలాగులో లేనిదానికి ప్రతులు లెక్కపెట్టలేం, మాట ఇవ్వలేం, అరువివ్వలేం. మన సమస్య ఇక్కడే.

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం గొప్పది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్ల పూనికతో 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది, అది దాచిన పత్రికలు లేకపోతే తెలుగు చరిత్ర రాయడం కష్టం. అదే బెజవాడలో 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల సభ జరిగి, మేము పంచములం కాదు ఆదిఆంధ్రులం అని చాటింది. రెండు సభలకీ మధ్య మూడేళ్లే. మొదటి సభ దాచుకోవడానికి భవనాలు కట్టించుకుంది. రెండో సభ కాగితాలు ఎవరి ఇళ్లలో ఉండాలి? పూరిగుడిసెల్లో. భాగ్యరెడ్డి వర్మ 1931లో నడిపిన 'భాగ్యనగర్' పత్రిక, కుసుమ ధర్మన్న 'జయభేరి' పూర్తి సంచికలు ఒక్కచోట పెట్టి చూపించమంటే ఇవాళ ఎంతమంది చూపించగలరు? గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి దళిత స్త్రీల రాతల్ని ఒక్కచోటికి తెచ్చింది. అలాంటి పుస్తకం వెనక ఎన్ని గడపలు ఎక్కిదిగాలో పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

దగ్గరి కాలం సంగతి ఇంకా కష్టంగా ఉంది. 1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు, 1994 నుంచి దండోరా. ఈ ఉద్యమాలు వేల కరపత్రాల మీద నడిచాయి. సభల పిలుపులు, నిజనిర్ధారణ నివేదికలు, పాటల పుస్తకాలు, గోడపత్రికలు. మా నాన్న చదివింది అయిదో తరగతి. కారంచేడు తర్వాత సభలకి పోయి తెచ్చుకున్న కరపత్రాలు రేకుపెట్టెలో దాచుకున్నాడు. ఒక వానాకాలం కప్పు కారి పెట్టెలో నీళ్లు నిలిచాయి. ముద్దయిన కాగితాల్ని మా అమ్మ ఎండలో ఆరబెట్టింది. ఆరాక అవి విడిపోలేదు. నేను పరిశోధనకి చేరాక ఒక పెద్ద గ్రంథాలయానికి పోయి ఆ కరపత్రాల గురించి అడిగితే, కరపత్రాలు మేం తీసుకోం, అవి పుస్తకాలు కావు అన్నారు. నియమం ప్రకారం వాళ్లు చెప్పింది నిజమే. ఆ నియమం వల్ల ఎవరి చరిత్ర పుస్తకమైంది, ఎవరి చరిత్ర ముద్దయింది అన్నదే నా ప్రశ్న.

ఎక్కినవి కూడా మనకి దొరకని పేర్ల కింద ఎక్కాయి. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ విషయ శీర్షికల్లో చాలాకాలం మనల్ని 'అన్‌టచబుల్స్' అనే రాశారు, తర్వాతనే 'దళిత్స్' అయింది. మన కేటలాగుల్లో 'హరిజనాభ్యుదయం' కింద ఉంటుంది. అందుకే విద్యార్థులకి ఒక సూచన. దళిత అని ఒక్క మాటతో వెతికి లేదని వచ్చేయకండి. పంచమ, ఆదిఆంధ్ర, ఆదిహిందూ, హరిజన, అరుంధతీయ, నిమ్నజాతులు, డిప్రెస్డ్ క్లాసెస్, అన్ని మాటలతోనూ వెతకండి. ఏ కాలంలో ఎవరు ఏ పేరు పెట్టారో ఆ పేరు కిందే మన కాగితం దాగి ఉంటుంది.

మనం మొదలుపెట్టాల్సిన పని

పెద్ద భవనాలు, చల్లని గదులు మన చేతిలో లేవు. కానీ ఉమ్మడి పద్ధతిలో అసలు సారం భవనం కాదు. జాబితా, మాట, రెండో ప్రతి. ఈ మూడూ మన చేతిలో ఉన్నాయి.

మొదటిది జాబితా. ప్రతి జిల్లాలో పాత కార్యకర్తల, టీచర్ల, పాస్టర్ల, ఉద్యోగ సంఘాలవాళ్ల ఇళ్లలో ఏముందో రాయాలి. పేరు, రాసినవాళ్లు, అచ్చయిన చోటు, ప్రెస్సు, తేదీ, పేజీలు, ఎవరి దగ్గరుంది, ఎలా ఉంది. తేదీ లేకపోతే లేదని రాయాలి, ఊహించి రాయకూడదు. కాగితం తీసుకురానక్కర్లేదు, ముందు జాబితా చాలు. నాలుగు జిల్లాల జాబితాలు కలిపితే అదే మన ఉమ్మడి సూచి. అప్పుడు తెలుస్తుంది, ఏది పదిమంది దగ్గరుందో, ఏది ఒక్కరి దగ్గరే ఉందో. ఒక్కరి దగ్గరే ఉన్నదాని వెంట ముందు పడాలి.

రెండోది మాట. ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని పారేయమని, అమ్మమని, తమ తర్వాత ఫలానా చోటికి ఇస్తామని ఒక కాగితం మీద రాయాలి. పెద్దాయన పోయిన నెలకే ఆయన కాగితాలు చిత్తుకాగితాల బండి ఎక్కడం మనం ఎన్నిసార్లు చూడలేదు? గ్రంథాలయానికిచ్చేటప్పుడు కూడా షరతు రాయించాలి. విడదీయకూడదు, అట్టలు చించకూడదు, తీసేయాలనుకుంటే ముందు మాకు చెప్పాలి, ఇచ్చిన ఊరివాళ్లు అడిగితే చూపించాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. పెద్ద గ్రంథాలయాలు ఒకదానికొకటి రాసిచ్చేది ఇలాంటి కాగితమే.

మూడోది రెండో ప్రతి. వీలైతే మూడోదీ. ఒకటి ఇంట్లో, ఒకటి విశ్వవిద్యాలయంలో, ఒకటి వేరే ఊళ్లో. ఒకే నదికి మునిగే చోట రెండూ పెట్టొద్దు. ఫోన్లో ఫోటోలు తీస్తే అట్టతో, ఖాళీ పేజీతో, వెనక అట్టతో సహా వరసగా తీయాలి. అత్యాచారాల నివేదికల్లో బాధిత స్త్రీల పేర్లుంటాయి. అవి దాచాలి, కానీ అందరికీ తెరిచి పెట్టేముందు ఆ కుటుంబాల్ని అడగాలి. దాచడం వేరు, బయటపెట్టడం వేరు.

ఇప్పుడు అచ్చేస్తున్న సంఘాలకి ఇంకొక మాట. 1954 గ్రంథాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణకర్త తన పుస్తకాన్ని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా, ఇంకా ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకీ పంపాలి. మన సంఘాల్లో ఎంతమంది పంపుతున్నాం? వెయ్యి ప్రతులు వేసి, సభలో పంచి, నాలుగు ప్రతుల పోస్టు ఖర్చుకి వెనకాడుతున్నాం. అక్కడ చేరినదే రేపు ఉమ్మడి సూచీల్లోకి ఎక్కుతుంది. విద్యార్థులు తమ విశ్వవిద్యాలయం ద్వారా ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఉమ్మడి సూచి చూడొచ్చు, డెల్‌నెట్ ద్వారా వేరే గ్రంథాలయం నుంచి పుస్తకం తెప్పించమని అడగొచ్చు. అడగడం మన హక్కు. అడిగినట్టు రికార్డు ఉంటే, ఎవరూ అడగట్లేదు అనే మాటకి జవాబు ఉంటుంది.

మా నాన్న పెట్టెలో ముద్దయిన కాగితాల్లో ఒకటి మరో జిల్లాలో ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో ఈమధ్య చూశాను. మడతల దగ్గర చిరిగింది, అక్షరాలు మాత్రం చదవొచ్చు. ఆయన దగ్గరున్నదే నాకు తెలిసినంతలో మిగిలిన ఒక్క ప్రతి. ఇద్దరం కూర్చుని ఫోటోలు తీశాం, జాబితాలో రాశాం, అమ్మనని ఆయన సంతకం పెట్టారు. ఇంకా రెండో కాగితపు ప్రతి దొరకాలి. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరి ఇంట్లోనో రేకుపెట్టె ఉంటుంది. వానాకాలం రాకముందే దాన్ని తెరవండి.